హాల్లో ఆ మూల

వర్షిత హాల్లో నిలబడి సంచీ తెరిచింది. దౌల్తాబాద్ నుంచి బస్సులో నిలబడే వచ్చింది. చెమటకు తడిసిన కుర్తా మార్చుకోవాలి. వీధి తలుపు వేసే ఉంది. ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరు.

నవత వంటింట్లోంచి గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మాట్లాడకుండా బియ్యం బస్తాలుండే చిన్న గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది.

"గాడ మార్చుకోకు. గాడ కనిపిస్తది."

"ఎవలకక్కా?"

"మీ బావకు."

వర్షిత అక్క ముఖంలోకి చూసింది. వర్షిత నవతకు చిన్నమ్మ కూతురు. సిద్దిపేటలో డిగ్రీ పరీక్ష రాయడానికి వచ్చింది. ఈ ఇంటికి ఇంతకుముందు వచ్చినా, చుట్టాల గుంపుతో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేది.

నవత ఒక బస్తా మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. గొంతులో హెచ్చుతగ్గులు లేవు. పక్కింటి వాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది.

పెళ్లయిన మరుసటి ఏడాది ఆమె భర్త బాలరాజు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి, హాల్లో పై మూలకు కెమెరా బిగించాడు.

"దొంగల భయమున్నది గద. గాడికెళ్లి నేను చూసుకుంట" అన్నాడు.

అది చూడటమే కాదు, మాట్లాడేది కూడా. అతను అక్కడ ఫోన్‌లో మాట్లాడితే ఇక్కడ మూలలోంచి వినిపించేది. కొడుకు గొంతు ఇంట్లో వినపడుతుంటే అత్త అంజవ్వ మురిసిపోయింది.

మొదట్లో తిన్నావా అని అడిగేవాడు. తర్వాత అడగడం మారింది.

"గాజులామె గంతసేపు ఎందుకు కూసున్నది?"

"ఫోన్ల ఎవలతోని నవ్వుతున్నవ్?"

నవత హాల్లో కూర్చుని బీడీలు చుట్టేది. పక్కింటి విజయరాణి కూడా తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది.

"మీ ఇంట్ల కూసుంటే ఠాణాల కూసున్నట్టున్నది, నవతా" అంది చివరిసారి వెళ్తూ.

నవత ఫోన్లు తగ్గించింది. కూనిరాగం తీయడం మానింది. ఎప్పుడు మానిందో ఆమెకే గుర్తు లేదు. ఒకసారి ఉండబట్టలేక కెమెరా ప్లగ్గు పీకేసింది. కాసేపటికే బాలరాజు అన్న ప్రభాకర్ వచ్చి తలుపు కొట్టాడు. ఏమైందో చూసి రమ్మని తమ్ముడు ఫోన్ చేశాడట. ప్లగ్గు ఆయనే మళ్లీ పెట్టి వెళ్లాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నవత స్నానం చేసి, హాల్లో దండెం మీద ఉన్న చీర కోసం తువ్వాలతోనే వచ్చింది. కరెంటు ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు.

మూలలోంచి నవ్వు వినిపించింది. బాలరాజు నవ్వు కాదు. ఒక్కరిది కూడా కాదు.

సాయంత్రం ఫోన్‌లో అడిగితే బాలరాజు విసుక్కున్నాడు.

"రూముల ఉండేటోళ్లు పక్కపొంటి ఉన్నరు. నువ్వు గట్లెందుకొచ్చినవ్?"

ఇక ఆమె ఏమీ అడగలేదు. కోపం రాలేదు. సిగ్గు కూడా రాలేదు. తిమ్మిరెక్కిన కాలు తనది కాదనిపించినట్టు, ఒళ్లంతా ఎవరిదో అనిపించింది. అప్పటినుంచి చీర మార్చుకోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా ఈ గదిలోకే వస్తుంది. ఏడ్చినా ఇక్కడే ఏడవాలనుకుంది. కానీ ఏడవాల్సిన నాడు కూడా ఏడుపు రాలేదు.

వర్షిత చేతిలోని సంచీ ఇంకో బస్తా మీద పెట్టింది.

"బావ గిట్ల చేసిండని ఎవ్వలకన్న చెప్పినవా అక్కా?"

"ఏమని చెప్పాలె? కొట్టలే, తిట్టలే. చూసిండు. గంతే."

వర్షిత సంచీలోంచి ఉతికిన కుర్తా తీసింది. గోడవైపు తిరిగి బట్టలు మార్చుకుంది.

నవత తలుపు తీసేముందు కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"నా ఎంబడే రా. ఆ మూల దిక్కు మాత్రం చూడకు. చూస్తే ఎందుకు చూసినవని అడుగుతడు."

తల దించుకుని, గోడను ఆనుకుంటూ, చప్పుడు కాకుండా హాలు దాటి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనకే వస్తున్న వర్షిత ఆగింది. తల ఎత్తి ఆ మూల వైపు చూసింది.

అక్కడ స్క్రూలు బిగించిన రెండు గుంతలు తప్ప ఏమీ లేదు. కిందటేడు దుబాయ్ నుంచి బాలరాజు శవం వచ్చిన వారానికే ప్రభాకర్ ఆ కెమెరాను విప్పి తన దుకాణానికి పట్టుకుపోయాడు.