గుంటకు నూరడుగుల దూరం

“ఇంకొంచెం దూరంగా కట్టేద్దామా?” అన్నాడు హజరత్తయ్య, రొయ్యల గుంట గట్టు వైపు చూస్తూ.

“నూరడుగులు ఉండాదన్నా. నెల్లూరు దాకా తోలకపొయ్యి మందు కొట్టమంటావా?” అంది ఎలిశబెతు.

అతను నవ్వలేదు. మెరక మీద గుంజకు కట్టిన గేదె చెవుల్లో, పొదుగు సందుల్లో గోమార్లు రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బి ఉన్నాయి. వారంగా అది మేత ముట్టడం లేదు. ఇంకా ఆలస్యం చేస్తే దక్కదని పశువుల డాక్టరు నిన్న గట్టిగానే చెప్పాడు. మందు కొట్టకపోతే గేదె పోతుంది. ఆ మందు నీళ్లలో కలిస్తే గుంట పోతుంది.

పోయినేడు అదే జరిగింది. మందు కొట్టిన గంటకే, రోజూ అలవాటైనట్టు, గేదెను కాలువలోకి దించారు. గుంటలోకి మోటారు తోడేది ఆ కాలువ నీళ్లే. మర్నాటికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. అప్పట్నుంచి పక్కపక్కనున్న వాళ్ల రెండిళ్ల మధ్యా మాటల్లేవు. తప్పు చేసిన ఇంట్లోనూ, నష్టపోయిన ఇంట్లోనూ ఉండేది ఒకే రకం నిశ్శబ్దమని ఎలిశబెతుకు ఈ ఏడాదే తెలిసింది. ఈ పొద్దున మందు సీసా పట్టుకుని తనే ముందు పలకరించింది.

గ్లౌజులు తొడుక్కుంది. ముక్కుకు మాస్కు కట్టుకుంది. దాహానికి ఒళ్లు నాకకుండా గేదెకు ముందే కడుపునిండా నీళ్లు పెట్టింది. దూడను అవతల కట్టేసింది. బక్కెట్లో నీళ్లు కొలిచి పోసి, సిరంజీతో మందు తీసింది.

“అందరూ మూతతోనే పోస్తారు గదమ్మా?”

“మూతంటే మన అంచనా. డాక్టరు చెప్పింది లీటరుకి రెండు మిల్లీలు. ఆయన మూత అన్లేదు.”

గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి గుప్పెడు పొట్టు పైకి వదిలింది. అది గుంట వైపు కాకుండా అవతలి దిక్కున పోయి పడింది. అప్పుడు మందు కొట్టే పంపు ఎత్తింది. కళ్లకూ నోటికీ తగలకుండా మెడ మడతలు, చెవుల వెనక, తోక కింద నిదానంగా తడిపింది. గేదె తల తిప్పి హజరత్తయ్యను చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“పంపు ఎక్కడ కడగతావు?”

“అదో, మెరకకు అవతల గొయ్యి తవ్వినా. కడిగి మన్ను కప్పేస్తా. మూడు రోజులు ఈ బర్రె కాలువ మొహం చూడగూడదు. నీళ్లు ఇక్కడికే మొయ్యాల.”

“నేను మోస్తా.”

“నమ్మకం లేదా అన్నా?”

“నీ మీద గాదులే.”

మూడు రోజులూ అతను బిందెలతో నీళ్లు మోశాడు. నాలుగో పొద్దుకి గోమార్లు ఎండి రాలిపోయాయి. గేదె గడ్డి పరకలు నములుతోంది. ఇద్దరూ గుంట గట్టు ఎక్కారు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే ట్రే తాడును ఎలిశబెతు అతని చేతిలో పెట్టింది.

“నువ్వే ఎత్తన్నా.”

అతను ఊపిరి బిగబట్టి లాగాడు. నీళ్లు జారగానే ట్రేలో రొయ్యలు చిటచిటా ఎగిరాయి. వాటినే చూస్తూ గట్టు మీద కూలబడిపోయాడు.

“ఇప్పటికన్నా సరిగ్గా నిద్రపో,” అంది ఆమె.

గేదె అతనిది, గుంట ఆమెది.