మగపువ్వుల సంచి

"ఆ పూలు ముట్టొద్దని ఎన్నిసార్లు సెప్పల్ల నీకు!"

హనుమక్క అరుపుకు పత్తి సాళ్ళలో వంగిన ఆడవాళ్ళంతా నడుములెత్తి చూశారు. కోడలు హులిగెమ్మ చప్పున చేయి వెనక్కి తీసుకుంది.

ఎమ్మిగనూరు దాపున విత్తనపు పత్తి వేసిన చేను అది. రేపు విచ్చుకోబోయే మొగ్గల్లోని పుప్పొడి పోగులను సాయంత్రం పూట గోటితో గీకేసి, ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున కాగితం తీసి, వేరే చేలో కోసుకొచ్చిన మగపువ్వును లోపలి కొనకు రుద్దాలి. గీకడం హులిగెమ్మ పని. రుద్దడం మాత్రం పిల్లల్ని కన్న చేతులే చేయాలని హనుమక్క కట్టడి. పెళ్ళయి ఏడేళ్ళయినా కోడలి కడుపు పండలేదు మరి.

ఇంత చేసినా వారం నుంచి పిందె నిలవడం లేదు. తెల్లారుజామున జల్లులు, పొద్దెక్కితే పూలన్నీ నేల మీద.

"గీకేటప్పుడు దీని చేయే కదమ్మా తగిలేది. ఇంగ యాడ నిలుస్తాయి?" అంది హనుమక్క పక్క సాలులోని ఆమెతో. "బేస్తారం కౌతాళం పోతాండాము. మావోనికి ఇంకో పిల్లను సూసినాము. ఈమె ఇంగ హొళగుందలో వాళ్ళమ్మింటికే."

హులిగెమ్మ వినీ విననట్టు సాలు చివర అట్టముక్క మీద తేదీ రాసింది. పదో తరగతి చదివిన పిల్ల. ఆ చేలో రాతంతా ఆమెదే.

"ఆస్పత్రిలో సూపిచ్చినావా అక్కా?" అని అడిగింది పక్క సాలు ఆమె.

"సూపిచ్చకేం! మూడేండ్ల కింద ఆదోనిలో ఇద్దరికీ టెస్టులు సేయిస్తి. కాగితం తెచ్చేకి నేనే పోతి. లోపం దీన్లోనే అని డాక్టరమ్మ నాతోనే సెప్పింది. ఆ కాగితం బస్సులో యాడో పడిపాయ."

అంతలో విత్తనాల కంపెనీ తరఫున చేలు తనిఖీ చేసే పల్లవి వచ్చింది. అప్పుడే రుద్దిన పువ్వొకటి తెంచి భూతద్దం పెట్టి చూసింది.

"నిన్న ఇది గీకిందెవరు?"

"నా కోడలే. తప్పంతా దీందే తల్లీ."

"తప్పా? ఇంత శుభ్రంగా ఎవరూ గీకలేదు పెద్దమ్మా. ఈ కొన చూడు, తాజాగా ఉంది. బతికున్న పొడి పడితే పట్టుకుంటుంది. ఆ పొడి సన్నటి దారంలా లోపలికి దిగితేనే గింజ కట్టేది. పడిన పొడే చచ్చిపోయి ఉంటే పాపం ఇదేం చేస్తుంది? మగపువ్వులేవి?"

గట్టు మీది ప్లాస్టిక్ సంచి విప్పింది. గుప్పున ఉడికిన వాసన. "వానకు తడిసినవి మూటగట్టి తెచ్చారు. నీళ్ళు తగిలితే పొడి పగిలిపోతుంది. ఎవరు తెచ్చేది?"

"నా కొడుకు, ఉరుకుందు."

"అయితే ఆడపువ్వులో ఏ లోపమూ లేదు. ఉన్నదంతా మగపువ్వులోనే!"

"మెల్లగా సెప్పమ్మా," అంది హనుమక్క చుట్టూ చూస్తూ. సాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

పల్లవి పక్క చేనికి వెళ్ళింది. కాసేపటికి ఉరుకుందు బండి మీద వచ్చి, ఇంకో సంచి గట్టున పెట్టి, పెళ్ళాం ముఖం చూడలేక తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. హులిగెమ్మ అతను పోయిన దారినే చూసింది. తర్వాత కూర్చుని ఆ పూలన్నీ ఒక్కొక్కటే గుడ్డ మీద పరిచింది, తడి ఆరేలా.

హనుమక్క దగ్గరికి వచ్చి కూలబడింది. "ఆయమ్మ సెప్పింది పూల సంగతి. మనుషుల సంగతి వేరేలే."

"ఔనత్తా."

"బేస్తారం పయనం ఆగదు."

"పోయిరాండి. ఆ కౌతాళం పిల్లకు పుట్టింట్లో జాగా ఉందో లేదో ముందే కనుక్కో అత్తా. ఏడేండ్లకు ఆ పిల్లను గూడా పంపల్ల గదా."

"ఏందే ఆ మాట! ఎవురు నేర్పినారు నీకు?"

హులిగెమ్మ తలెత్తలేదు. చివరి పువ్వును కూడా గుడ్డ మీద పెట్టి, నెమ్మదిగా అంది.

"నువ్వు పొయ్యిలో పెట్టకముందే ఆ కాగితం నేను సదివినానత్తా."