మీట నొక్కని రోజు

ఏ జంతువును చూడాలనుకుంటే ఆ జంతువును పిలిచే మీటలు సఫారీ జీపులన్నిటికీ వచ్చి నాలుగేళ్లయింది. మడ అడవిలో బురదదారుల వెంట జనాన్ని తిప్పే నూకరత్నం జీపులో, చేపలు పట్టి తినే బావురుపిల్లి మీట నొక్కితే, స్పీకరులోంచి దాని కూన ఏడుపు వినిపిస్తుంది. తల్లి పరుగెత్తుకొస్తుంది. జనం ఫొటోలు తీసుకుంటారు.

ఆ ఏడుపును రికార్డు చేసింది నూకరత్నమే. పోయిన వానాకాలం కూన వరదలో కొట్టుకుపోయింది. గొంతు మాత్రం జీపులో ఉండిపోయింది. రోజుకు మూడు ట్రిప్పులు, మూడుసార్లూ పిచ్చితల్లి వస్తూనే ఉంది.

ఇవాళ పొద్దున కూతురికి జడ వేస్తూ చిక్కు లాగేసరికి, ఆ పిల్ల "అమ్మా!" అని అరిచింది. నూకరత్నం చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఇక ఆ మీట ముట్టుకోకూడదనుకుంది.

"పిల్లి రాలేదేంటమ్మా? ఆ మీటేదో నొక్కు," అంది వెనక సీట్లోని పెద్దావిడ.

"పాడైపోయిందండి. ఇవాళింక కనపడదండి," అని అబద్ధమాడి, పాయ ఒడ్డున ఇంజను ఆపింది. చాన్నాళ్లకు మనసు కాస్త తేలికపడింది.

అంతలో మడచెట్ల వేళ్ల సందులోంచి బావురుపిల్లి వచ్చింది. ఎవరూ పిలవకుండానే వచ్చింది. జీపు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం కిందా వాసన చూసింది.

"అయ్యో, దేనికోసమో వెతుక్కుంటున్నట్టుందమ్మా!"

"చేపల కోసమండి," అంది నూకరత్నం, వెనక్కి తిరగకుండా.

పిల్లి స్పీకరు ఎదుట కూర్చుని ఒక్కసారి పిలిచింది. తర్వాత చెవులు రిక్కించి, జవాబు కోసం ఎదురుచూసింది.