డబ్బా మీద పది

"లోరెట్టా, ఈ కుర్చీ నన్ను వదలడం లేదే!"

నవ్వుకుంటూ వెళ్లాను. నా మొగుడు వెండెల్ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, కొండ అంచున కూర్చున్నవాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. నా నవ్వు ఆగిపోయింది.

"నడుం నొప్పికి ఎన్ని వేసుకున్నావు?"

"ఎప్పటిలాగే రెండు."

లైసెన్సు దుకాణంలో కొన్న గంజాయి జెల్లీల డబ్బా మీద ఒక్కోదాంట్లో పది మిల్లీగ్రాముల మత్తు అనీ, ఒక్కటి మించి వద్దనీ రాసి ఉంది.

"చదవడం రాదా? రెండెందుకు మింగావు మహానుభావా?"

"నువ్వేగా చెప్పావు, పదని రాస్తే అయిదే ఉంటుందని! డెన్వర్లో ఈ సంగతి తెలియనివాడెవడు?"

నిజమే. పెద్ద అంకె ఉంటేనే జనం కొంటారు. మత్తు ఎంతుందో కొలిచే ల్యాబుల్లో, అంకె పెంచి ఇచ్చేదానికే జెల్లీల కంపెనీలు పోతాయి.

ఫోన్లో నర్సు, మత్తు దిగేదాకా చేసేదేమీ లేదు, పక్కనే కూర్చోమంది. కూర్చున్నాను.

"గోడలు దగ్గరికొస్తున్నాయే. ఎవడు కొలిచాడో చూడు, వాణ్ని కోర్టుకీడుస్తా."

డబ్బా తిప్పాను. నేను పనిచేసే ల్యాబు పేరే. ఈ సరుకు వేరే ల్యాబు నుంచి కొత్తగా మా దగ్గరికొచ్చింది. అంకె పెంచమని మా ల్యాబు యజమాని ఎంత సతాయించినా నేను వినలేదు.

ఈ ఊళ్లో ఇంకెన్ని కుర్చీల్లో ఎంతమంది ఇరుక్కున్నారో.

"కొలిచింది నేనే. అందులో నిజంగానే పది ఉంది," అన్నాను.

వెండెల్ కుర్చీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నిజం రాశావని ఇంట్లోనైనా చెప్పొద్దుటే?"