ఎవరో ఒకరి అబ్బాయి

“ఇంకో ముక్క వేయమంటారా, కోచ్ గారూ?”

హార్లన్ ప్రూయిట్ కడుపులో అప్పటికే చోటు లేదు. అయినా పళ్ళెం ముందుకి జరిపాడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కుర్రాళ్ళని ఏరి తెచ్చేవాడు, ఏ కుర్రాడి ఇంట్లోనూ “చాలు” అనే మాట అనకూడదు. జార్జియాలో ఏ ఇంటి గడప తొక్కినా పద్ధతి ఒకటే. ముందు తల్లిని మెప్పించాలి, కొడుకు వెనకాలే వస్తాడు.

“మీ చేతి కోడి వేపుడు తిన్నవాడికి మా హాస్టల్ తిండి గొంతు దిగుతుందా అని నా భయం, అమ్మా,” అన్నాడు.

ఆమె చిన్నగా నవ్వి, చల్లటి టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఒక గుక్క తాగి ఆయన ఆశ్చర్యపోయాడు. ఈ ప్రాంతంలో టీ అంటే పాకమే. ఇందులో చక్కెర లేదు. తనకి తీపి పడదని ఈవిడకి ఎవరు చెప్పారో! తను వాళ్ళ గురించి వాకబు చేసినట్టే వాళ్ళూ చేసి ఉంటారు. ఇలాంటి తల్లులతోనే కష్టం.

ఆ కష్టం ఇవాళ తప్పేలా లేదు. ఈవిడ కొడుకు లీలాండ్ హాబ్స్ ఒప్పంద కాగితం మీద సంతకం చేయకుండా తిరిగి రావద్దని హెడ్ కోచ్ మొహం మీదే చెప్పాడు. ఉత్తచేతులతో వెళితే ఉద్యోగం ఊడినట్టే.

బల్లకి అటువైపు కూర్చున్న లీలాండ్‌ని ఆయన మరోసారి కొలిచినట్టు చూశాడు. భుజాలు వెడల్పు, మెడ బలం. గడ్డం అప్పుడే దట్టంగా వచ్చేసింది. పొలం పనులు చేసే పిల్లలు తొందరగా ముదురుతారు. మంచిదే, బంతి చంకన పెట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి లైన్‌లో నిలబడి గుద్ది ఆపాలంటే అలాంటివాళ్ళే కావాలి. కానీ తను వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పడం లేదు.

“మీ వాడు ఎప్పుడూ ఇంతేనా, అమ్మా?”

“పెద్దవాళ్ళు అడిగితే మాట్లాడతాడు. అడిగేవాళ్ళు ఉండాలిగా,” అంది ఆమె. “మీ దగ్గరికి పంపిస్తే వీణ్ణి ఎవరు చూసుకుంటారు?”

ఈ ప్రశ్నకి జవాబు ఆయన నిద్రలోనైనా చెప్పగలడు. “నేను. నా కొడుకులా చూసుకుంటాను.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. “మీకు కొడుకున్నాడా?”

“ఉన్నాడమ్మా. ఎమెట్. మీ వాడి ఈడే. వాడూ ఆడతాడు.”

“ఏ స్థానంలో?”

ఆయనకి ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. “మా ఆవిడ చెప్పింది ఒకసారి. స్కూలు ఆటలన్నీ శుక్రవారాలే కదమ్మా. ప్రతి శుక్రవారం నేను ఎవరో ఒకరి అబ్బాయి ఆట చూడటానికి ఏదో ఒక ఊళ్ళో ఉండాలి.”

“దీపం కింద చీకటన్నమాట,” అంది ఆమె. ఎత్తిపొడుపులా లేదు. అలసిపోయినట్టుంది.

బేరం చేజారుతోంది. అప్పుడు లీలాండ్ మొదటిసారి మాట్లాడాడు.

“మీరు నా ఆట నిజంగా చూశారా?”

“చూడకుండానే వచ్చానా? నాలుగు ఆటలు చూశాను.” కోచ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆట గురించైతే ఆయనకి తడబాటు ఉండదు. “ఆ వాన కురిసిన రోజు బురదలో జారి పడ్డావు. జనం నవ్వారు. నువ్వు లేచి, పరుగెత్తి, బంతితో పారిపోతున్నవాణ్ణి గీత దగ్గర పట్టుకున్నావు. బలం మేము నేర్పగలం. పడ్డవాడు లేవడం ఎవరూ నేర్పలేరు. అది నీలో ఉంది, బాబూ.”

“ఆట చివరిదాకా ఉన్నారా?”

“చివరిదాకా. నీ కోసమే నూట నలభై మైళ్ళు వచ్చాను. నిన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు.”

లీలాండ్ కళ్ళు తుడుచుకున్నాడు. కోచ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఏడ్చారంటే దారికొచ్చినట్టే. కోటు జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. లీలాండ్ తల్లి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను కాగితం మీద ఇదివరకే ఉన్న సంతకాల కింద నెమ్మదిగా ఇంకో సంతకం చేశాడు.

గెలిచాననుకున్నాడు కోచ్. కానీ ఎందుకో గుండె బరువుగానే ఉంది. మధ్యాహ్నపు ఎండ అప్పుడే కిటికీ దిగిపోతోంది. కాగితం జేబులో పెట్టుకుని లేచాడు. కారు తాళాల కోసం జేబులన్నీ వెతికాడు. ఎక్కడా లేవు.

“ఇంత తొందరేమిటి, కాసేపు కూర్చోండి,” అంది ఆమె.

“లేదమ్మా, వెళ్ళాలి. ఈసారైనా పొద్దుండగా వస్తానని మా ఎమెట్‌కి మాటిచ్చాను. వాడు వాకిట్లో మెట్ల మీదే కూర్చుంటాడు. ఎంత పిలిచినా లోపలికి రాడట, నేను వచ్చేదాకా.”

ఆమె మొహం అటు తిప్పుకుంది. లీలాండ్ కుర్చీ లోంచి లేచి వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఊడిపోయిన బూటు తాడు ముడి వేశాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“ఆ రోజుల్లో అక్కడ కూర్చున్నది నేనే, నాన్నా.”