మేనేజరు కుర్చీ

మాట్లాడితే పప్పు విరుగుతుందని పలాస జీడి ఫ్యాక్టరీ మేనేజరు ధర్మారావు నలభై మంది ఆడవాళ్ల నోళ్లు మూయించాడు. ఒకరోజు మధ్యాహ్నం, తొక్క తీస్తున్న బొడ్డమ్మ లేచి తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఒక్కపాలి ఆ తిరిగే కుర్సీలో కూకుంతాను."

అందరూ బిక్కచచ్చిపోయారు. ధర్మారావు తెల్లబోయి లేచాడు. బొడ్డమ్మ కూర్చుని, నేలను తన్ని గిర్రున తిరిగింది. "ఓలమ్మో, పడిపోతన్నాను!" అని కేకలు పెట్టింది. షెడ్డంతా గొల్లున నవ్వింది. చివరికి ధర్మారావే కడుపుబ్బా నవ్వుతూ ఆమెను మళ్లీ తిప్పాడు.

"నీకు బయ్యం నేదేటి బొడ్డమ్మా?" సాయంత్రం దారిలో అడిగారు తోటివాళ్లు.

"టీ అట్టుకెల్లినపుడు సూసినానే. ఓనరు ఫోన్లో తిట్టాడేటో, ఆ బాబు గోడేపు తిరిగి ఏడుత్తన్నాడు. ఇటేపు తిప్పడానికి నాకింకేటీ తోసనేదు."