కోపిష్టి ఓనరు

“మీ ఓనరు మనిషేనా, బండరాయా?”

ధర్మవరంలో నాలుగు మగ్గాలు నడిపే నాగేంద్ర అలా కసురుకున్నా కుళ్ళాయమ్మకు కోపం రాలేదు.

హిందూపురం నుంచి తెచ్చిన పట్టునూలు మూటను నెత్తి మీంచి పంచలో దించి, గడప మీద కూలబడింది.

“బండరాయేనప్పా. రేటు తగ్గించమని నేనూ అడిగితిని. కొట్టేంత పని చేసినాడు.”

“అంత కోపిష్టోడా?”

“కోపిష్టి, పిసినారి. ఇంత దూరం మోసుకొస్తాండానా, నాకు కూలి గూడా ఇయ్యడు.”

“మరి ఆయన కాడ ఎందుకుండావు పెద్దమ్మా?”

“ఇడిస్తే యాడికి పోతాడు పాపం! నేను తప్ప దిక్కు లేనోడు.”

నాగేంద్ర తల్లి తిప్పమ్మ నవ్వుతూ మజ్జిగ చెంబు తెచ్చి ఇచ్చింది. అందుకున్న వేళ్ళు చూసి ఆగింది. వేన్నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

“ఏమే, ఆ ఏళ్ళేంది అట్లుండాయి?”

“వయసు మీద పడతాండాది గదక్కా.”

ప్రతి మంగళవారం ఇదే వరస. హిందూపురంలో తెల్లవారుతూనే బస్సెక్కి, పెనుకొండలో మారి, ఎండ ముదరకముందే వచ్చేది.

నూలు అయిపోవస్తోందని ఫోన్ చేస్తే మధ్యలో ఏ రోజైనా వచ్చేది. ఫోన్ ఎత్తేదీ ఆమే.

“ఓనరు బయటికి పోయినాడు. వస్తానే చెప్తా” అనేది.

ఆ ఓనరు గొంతు నాగేంద్ర ఎన్నడూ వినలేదు. వినాలనీ అనిపించలేదు.

పోయే ముందు కుళ్ళాయమ్మ మగ్గం మీది చీరను చేతి వెనకవైపుతో తాకి చూసేది. “నా ఏళ్ళు గరుకు, పోగు లేస్తాది” అనేది.

ఆ ఏడు ఉగాది మరునాడు కూడా వచ్చింది. నాగేంద్ర ఫోన్‌లో ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

“అమ్మా, నలుగురం కలిసి చైనా నూలు తెప్పిస్తాండాం. బెంగళూరు అంగడోళ్ళ శ్రావణం ఆర్డరు దాంతోనే నేయిస్తా.”

“అంత దూరం నుంచి తెస్తే గిట్టుతాదేమిరా?”

“సరుకు ధర, ఓడ బాడుగ, ఇన్సూరెన్సు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, చెన్నైలో ఏజెంటుకు, ఆడినుంచి లారీకి. అన్నీ కూడినా ఈ పెద్దమ్మ ఓనరు రేటు కంటే తక్కువే పడతాండాది.”

కుళ్ళాయమ్మ మజ్జిగ తాగడం ఆపింది.

“ఓడ మీ గడప కాడికి వస్తాదా అప్పా?”

“లారీ వస్తాదిలే.”

“హిందూపురం నూలుకు ఇన్ని లెక్కల్లేవు గదరా,” అంది తిప్పమ్మ. “దాని మోత, బాడుగ ఎవురు పెట్టుకుంటాండారు?”

“ఓనరు పెట్టుకుంటాడు. మనకెందుకు?”

కుళ్ళాయమ్మ చెంబు కింద పెట్టింది.

“సరే నాయనా. మా ఓనరుకు చెప్తా.”

ఆ రోజు మగ్గం దగ్గర చాలాసేపు నిలబడింది.

తిప్పమ్మ ఆమెకు రెండు ఓళిగలు పెట్టి, ఇంకో రెండు ఆకులో చుట్టింది.

“ఇవి ఆ కోపిష్టోడికియ్యి. నోరన్నా తీపవుతాది.”

“మా ఓనరుకు ఓళిగలంటే పానమక్కా,” అని నవ్వింది కుళ్ళాయమ్మ.

మళ్ళీ రాలేదు.

చైనా ఓడ మాత్రం వచ్చింది. కాగితాల్లో ఏదో తేడా ఉందని సరుకు చెన్నై రేవులోనే ఆగిపోయింది. నిలవ ఉన్నందుకు రోజూ బాడుగ. ఏజెంటును అడిగితే రేపు, రేపు. ఈ ఎదురుచూపు నాగేంద్ర వేసిన లెక్కలో లేదు.

ఆషాఢం సగమయ్యేసరికి ఉన్న నూలు అయిపోయింది. మగ్గాలు ఆగాయి. నేతగాళ్ళలో ఒకడు ముదిగుబ్బలో కూలి పని చూసుకున్నాడు. శ్రావణానికి చీరలు అందకపోతే ఆర్డరు ఇంకొకరికి ఇస్తామన్నారు బెంగళూరు వాళ్ళు.

చప్పుడు లేని ఆ ఇంట్లో తిప్పమ్మ మంగళవారాలు మజ్జిగ చెంబు గడప దాకా తెచ్చేది. గుర్తొచ్చి, లోపలికి తీసుకుపోయేది.

నాగేంద్ర కుళ్ళాయమ్మకు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

“పోయి ఆ ఓనరు కాళ్ళన్నా పట్టుకోరా,” అంది తిప్పమ్మ.

పెనుకొండ మీదుగా హిందూపురం పోయి, పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర అడిగి అడిగి ఓనరు నూలు తీయించే కొట్టం చేరాడు.

తాళం వేసి ఉంది. నూలు తీయడానికి వేన్నీళ్ళలో ఉడికించిన పట్టుగూళ్ళ వాసన మాత్రం ఇంకా గోడలను వదల్లేదు.

పక్కింటి ఈరక్క బయటికి వచ్చింది.

“కుళ్ళాయమ్మ లేదబ్బా. నంబులపూలకుంటలో చెల్లెలి కాడ గొర్రెలు మేపుకుంటాండాది. నూలు తీసే సామాన్లన్నీ పాతినుముకు పోయినాయి. తక్కినోళ్ళు ఎప్పుడో నూలు కొనేది మానేసినారు. ధర్మవరం బేరమొకటి ఉండె, అదీ పాయె.”

నాగేంద్ర తల దించుకున్నాడు.

“ఆ ధర్మవరమోణ్ణి నేనేనక్కా. నాకు నూలు కావాల. ఓనరు యాడుండాడో చెప్పు, పోయి అడుక్కుంటా.”

“ఏ ఓనరు?”

“అదే, ఆ కోపిష్టి. పెద్దమ్మకు కూలి గూడా ఇయ్యనోడు.”

ఈరక్క నవ్వబోయి ఆగింది. కొంగుతో గడప దుమ్ము దులిపి అతణ్ణి కూర్చోమంది.

“మొగుడు పోయిన కాణ్ణుంచి ఒకటే భయం ఆయమ్మకు, మగదిక్కు లేని కొట్టమని తెలిస్తే మీరంతా రేటు కోస్తారని.”

నాగేంద్రకు ఆ నానిన వేళ్ళు గుర్తొచ్చాయి.

“ఉగాదికి మీ అమ్మ ఓనరుకని పంపిన ఓళిగలు, ఇదో, నువ్వు కూర్చున్న ఈ గడప మీదే కూర్చోని, ‘తినవే ఓనరమ్మా, ఇదే నీ కూలి’ అని తనకు తానే చెప్పుకుంటా తినిందబ్బా.”